రవ్వంత దీపం

శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్ లేస్తుందంటే నాయుడుపేటలో పిల్లలూ పెద్దలూ మిద్దె ఎక్కుతారు. ఆగ్నేయ మూల ఎర్రబడుతుంది, వెలుగు పైకి పాకుతుంది, కాసేపటికి మాయమవుతుంది. అందరూ కిందికి దిగి వస్తారు. ఇంట్లో టీవీ పక్కన సెట్‌టాప్ బాక్సు మీద ఓ చుక్క వెలుగు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. దాని వైపు ఎవరూ చూడరు. ఆ చుక్క వెనక ఒక శతాబ్దానికి మించిన కథ ఉంది.

ఆ చుక్క పేరు ఎల్ఈడీ. ఎల్ఈడీల్లో 0402 అనే రకం పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దది. 0603 రకం 1.6 మిల్లీమీటర్లు ఉంటుంది. 0201 అయితే 0.6 మిల్లీమీటర్లే, బొంబాయి రవ్వలో ఒక పలుకంత.

ఈ దీపం మొదట వెలిగింది సానరాయి పదార్థంలో. 1907లో మార్కోనీ దగ్గర పనిచేసే హెన్రీ రౌండ్ కార్బొరండం స్ఫటికానికి 10 వోల్టుల కరెంటు ఇస్తే పసుపుపచ్చని వెలుగు కనిపించింది. ఆ సంగతి చిన్న ఉత్తరంగా పత్రికలో అచ్చయింది, తర్వాత మరుగున పడింది. 1920లలో రష్యాలో ఓలెగ్ లోసెవ్ అనే రేడియో టెక్నీషియన్ ఆ వెలుగును మళ్లీ చూశాడు. పెద్ద చదువు లేదు, పట్టుదల ఉంది. అది వేడి వల్ల వచ్చే వెలుగు కాదని ప్రయోగాలు చేసి చెప్పాడు. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 38.

1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్ఈడీ చేశాడు. గని కార్మికుడి కొడుకు ఆయన. ఆ రోజుల్లో ఒక్క ఎల్ఈడీ ధర 260 డాలర్లు. ఎరుపు తర్వాత పసుపు, ఆకుపచ్చ వచ్చాయి, నీలం మాత్రం 30 ఏళ్లు లొంగలేదు. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని మచ్చలేకుండా పెంచడమే పెద్ద చిక్కు. నగోయాలో ఇసాము అకసాకి, హిరోషి అమానో దారి వేశారు. 1993లో షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని బయటపెట్టాడు. ఆయన పనిచేసింది టోక్యోలో కాదు, అనాన్ అనే చిన్న ఊళ్లోని నిచియా కంపెనీలో. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. నీలి ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. మన ఇళ్లలోని ఎల్ఈడీ బల్బు ఆ పూతతోనే పుట్టింది.

లోపల జరిగేది మెట్టు దిగడం లాంటిది. ఎలక్ట్రాన్లు ఎక్కువున్న పొర ఒకటి, ఎలక్ట్రాన్ల కోసం ఖాళీలున్న పొర ఒకటి. రెండూ కలిసే అంచున ఎలక్ట్రాన్ ఖాళీలోకి దిగుతుంది. దిగేటప్పుడు వదిలిన శక్తే కాంతి. మెట్టు పొట్టిదైతే ఎరుపు, ఎత్తైనదైతే నీలం. అందుకే ఎరుపుకు సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి, తెలుపుకు 3 కావాలి.

ఇంత చిన్నవి ఎక్కడ దొరుకుతాయి? ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు మనకు దగ్గరి పెద్ద బజారు చెన్నైలోని రిచీ స్ట్రీట్. హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ. అంతదూరం పోనక్కర్లేదు కూడా. పాడైన కీప్యాడ్ ఫోను విప్పితే బటన్ల కింద బుల్లి ఎల్ఈడీలు ఉంటాయి. పనికిరాని పెన్‌డ్రైవ్‌లోనూ ఒకటి దొరకొచ్చు. సెల్‌ఫోన్ రిపేరు షాపులో అడిగితే పాత బోర్డులు ఇస్తారు, బ్లోయర్‌తో వేడిచేసి ఎల్ఈడీని ఎలా లేపాలో చూపిస్తారు. మాడిపోయిన ఎల్ఈడీ బల్బులోవి మాత్రం మొదటి ప్రయోగానికి వద్దు. వాటిలో చాలావాటికి ఒక్కోదానికి 9 వోల్టులో 18 వోల్టులో కావాలి. ఇంటి కరెంటుకు తగిలించిన బల్బును ఎప్పుడూ విప్పకూడదు.

పనికి కూర్చునే ముందు ఫ్యాను ఆపాలి. ఉక్కపోసినా తప్పదు, గాలికి ఎగిరిన 0402 మళ్లీ దొరకదు. తెల్లని పళ్లెంలో పని పెట్టుకుని, రెండువైపులా అంటుకునే టేపు మీద ఎల్ఈడీని కొసలు పైకి వచ్చేలా వెల్లకిలా అతికించాలి. మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టి రెండు కొసలూ తాకిస్తే మినుకుమంటుంది. మినుకుమన్నప్పుడు ఎర్ర వైరు తగిలినది ప్లస్. చౌక మీటర్లలో నీలం వెలగకపోవచ్చు. రిపేరు షాపువాళ్లు జంపర్ వైరు అనే సన్నని రాగి తీగకు ముందే కొసన సోల్డర్ పూసుకుని, సోల్డరింగ్ పేస్టు రాసి, సోల్డరింగ్ ఐరన్‌ను ఒకటి రెండు సెకన్లే తాకించాలి. 63/37 రకం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, ఎక్కువసేపు వేడిపెడితే ఎల్ఈడీ చచ్చిపోతుంది. రెసిస్టర్ లేకుండా 5 వోల్టులు ఇవ్వకూడదు. ఎర్రదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 3 మిల్లీ యాంపియర్లు పారుతుంది, ఇంత చిన్నదానికి అది చాలు. బొమ్మల కొలువులో అట్ట ఇంటికి దీపం పెట్టొచ్చు, కాగితం రాకెట్ తోకలో మంట చూపించొచ్చు. బటన్ సెల్ వాడితే పసిపిల్లలకు అందకుండా దాచాలి, మింగితే ప్రాణాపాయం.

అన్నిటికన్నా నాకిష్టమైన ప్రయోగం ఒకటుంది. మామూలు 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్ఈడీని వోల్టుమీటరుకు తగిలించి మధ్యాహ్నపు ఎండలో పెట్టండి. అంకె ఒక వోల్టు దాటుతుంది. కరెంటు ఇస్తే కాంతినిచ్చేది, కాంతినిస్తే కరెంటునిస్తోంది. మెట్టు దిగిన ఎలక్ట్రాన్‌ను సూర్యుడు మళ్లీ మెట్టెక్కించాడు. సోలార్ సెల్ పనిచేసేదీ ఇలాగే. ఆ సెల్స్ తయారుచేసే ఫ్యాక్టరీకి ప్రీమియర్ ఎనర్జీస్ సంస్థ నాయుడుపేటనే ఎంచుకుంది. రేపు అక్కడ పనికి వెళ్లే కుర్రవాళ్లకు ఈ ప్రయోగమే మొదటి పాఠం కావాలి.

రాకెట్‌ను మిద్దె మీంచి చూడగలం, ముట్టుకోలేం. ఈ రవ్వంత దీపాన్ని ముట్టుకోవచ్చు, పాడుచేయొచ్చు, మళ్లీ వెలిగించొచ్చు. మీ ఇంట్లో మూలపడ్డ పాత ఫోను ఉంటే పారేయకండి. ఒక ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని విప్పండి.