ఇంగ్లండు దేశపు కొయ్యకట్టు రైతుగృహము

ఇంటిని మోయునది గోడ యని మనము సాధారణముగా తలంతుము. గోడ కూలిన ఇల్లు కూలునను మాట రాతితోను ఇటుకతోను కట్టిన ఇండ్లకు చెల్లును. కాని గోడలన్నియు తీసివేసినను నిలుచు ఇండ్లును కలవు. ఇంగ్లండు దేశమున 15వ శతాబ్దియందు సంపన్నులైన రైతులు కట్టించుకొనిన కొయ్యకట్టు గృహములు అట్టివి. వానియందు భారమంతయు కొయ్యచట్రముదే. గోడ యెముకలపై కప్పిన చర్మము వంటిది. ఈ సూత్రమును గ్రహించినచో ఆ యిండ్ల తక్కిన విశేషములు తమంత తామే బోధపడును.

ఉదాహరణమునకు బేలీఫ్ అను నొక యింటిని తీసికొందము. ఇది కెంటు మండలమున చిడింగ్‌స్టన్ గ్రామప్రాంతమున నుండెను. అందలి దూలములలోని వృక్షవలయములను లెక్కించి, తొలిభాగము 1405, 1430 సంవత్సరముల నడుమ కట్టబడినదని పరిశోధకులు నిర్ణయించిరి. కెంటు, ససెక్సు మండలములయందలి వీల్డ్ అను అడవిసీమలో ఇట్టివి విస్తారముగా నుండుటచే ఈ తెగకు వీల్డు ఇండ్లని పేరు వచ్చినది.

ఆ సీమ ఓకు వృక్షములకు నిలయము. వడ్రంగులు ఆ చెట్టును నరికి, ఎండనీయక, పచ్చిగా నున్నప్పుడే గొడ్డలితోను బాడిసెతోను చెక్కుచుండిరి. ఎండిన ఓకు మిక్కిలి గట్టిపడి పనిముట్టునకు లొంగదు. ఒక కొయ్యకొనను నాలుకవలె సన్నముగా దిద్దుదురు. దీనినే మన వడ్రంగులు కుసి యందురు. రెండవ కొయ్యలో దానికి తగిన బెజ్జము తొలిచి, కుసిని అందు దూర్చి, అడ్డముగా కొయ్యచీలను కొట్టి బిగింతురు. ఇందొక సూక్ష్మము కలదు. చీల దూరవలసిన రంధ్రములను రెండు కొయ్యలలోను సరిగా ఒకే వరుసను వేయక, కొంచెము ఎడముగా వేయుదురు. చీల దిగినకొలదియు అది కుసిని లోనికి లాగుకొనును. పచ్చికొయ్య పిదప ఎండి ముడుచుకొన్నను ఆ కూర్పు వదలదు.

ముందుగా చట్రమును నేలపై పరచి అమర్చి చూతురు. ఏ కొయ్య దేనితో కలియవలెనో తెలియుటకై రోమను అంకెలవంటి గుర్తులు చెక్కుదురు. మరల విప్పి, బండ్లపై ఇంటిస్థలమునకు చేర్చి నిలబెట్టుదురు. కావున ఈ ఇంటిని కట్టిరనుటకంటె కూర్చిరనుటయే సమంజసము. స్తంభముల నడిమి ఖాళీలను తడికలతో నింపి, బంకమన్నులో గడ్డియు పేడయు కలిపి మెత్తి, సున్నము పూయుచుండిరి. నేడు చిత్రపటములలో కనబడు నల్లకొయ్యల సొగసు చాలవరకు 19వ శతాబ్దపు వేడుక. రంగు పూయని ఓకు కాలక్రమమున వెండివలె నెరయును.

ఇక లోపలి అమరిక. రెండుజతల స్తంభముల నడిమి చోటును మనము అంకణ మందుము గదా. బేలీఫు నడుమ రెండంకణముల చావడి కలదు. దానిపై మేడ లేదు. నేలనుండి కప్పువరకు అంతయు నొకటే. నేల నడుమ నిప్పు రగులుచుండెడిది. పొగగొట్టము లేదు, పొగ పైకెగసి, వాసములకు మసిపట్టించి, కప్పు సందులగుండ వెడలిపోవుచుండెను. కిటికీలకు గాజు లేదు; నిలువుకమ్ములును కొయ్యరెక్కలును మాత్రమే. నేటికిని పాతయింటి అటుకయెక్కి, వాసములపై మసిని చూచి, ఇచట నొకప్పుడు తెరపి చావడి యుండెనని పరిశోధకులు పోల్చుకొందురు.

చావడి దిగువకొనను ఎదురెదురుగా రెండు ద్వారములు, వాని నడుమ నడవ, నడవకావల రెండు చిన్నగదులు. వానిలో పాంట్రీ రొట్టెలు మొదలగు తినుబండముల గది. ఆ పేరునకు మూలము రొట్టె యను నర్థముగల లాటిను శబ్దము. బటరీ యన్నచో వెన్నగది యని భ్రమపడరాదు. అది పానీయముల పీపాలు నిలువయుంచు గది. ఎగువకొనను యజమానుని భోజనపు బల్ల, దానివెనుక అతని సొంత గదులు. కూర్చుండిన చోటునుబట్టియే మనుష్యుని అంతస్తు తెలియుచుండెను. బేలీఫునకు ఈ యెగువ గదులు 1505, 1510 నడుమ చేర్పబడినవి. చట్రపుటింటికి మరియొక అంకణమును తగిలించుట కష్టము కాదు గదా!

ఇంటి యెదుట నిలిచి చూచినచో, రెండుకొనల పైగదులును క్రిందిగదులకంటె ముందునకు పొడుచుకొని వచ్చియుండును. మేడలేని చావడి వెనుకబడి యుండును. కప్పు మాత్రము మూడింటికిని ఒక్కటే. అందుచే చావడిముందు చూరుదూలము గోడ యాధారము లేక గాలిలో నిలువవలసి వచ్చెను. దానిని ఇరువైపులనుండి వంపుకొయ్యలు మోయును. వీల్డు ఇంటిని ఆనవాలుపట్టుటకు ఇదియే గురుతు.

16వ శతాబ్దినుండి ఇటుక పొగగొట్టములు రైతుల యిండ్లకును వచ్చినవి. పొగబాధ తీరుటచే చావడులపై మేడలు లేచినవి. బేలీఫు చావడికిని ఈ మార్పు కలిగెను. శతాబ్దములు గడచిన పిమ్మట అంతకంటె పెద్ద యాపద వచ్చినది. బో బీచ్ అనుచోట జలాశయము నిర్మింప సంకల్పించిరి. ఆ నీటిలో ఇల్లు మునుగవలసియుండెను. 1968–69లో దానిని కొయ్యకు కొయ్యగా విప్పి, పశ్చిమ ససెక్సులోని సింగిల్టన్‌నందలి ప్రాచీనగృహ ప్రదర్శనశాలకు తరలించి మరల నిలిపిరి. చీలలతో కూర్చిన ఇల్లు గనుకనే అది విప్పుటకు వీలయ్యెను. మన్నుగోడలు మాత్రము తరలింపరానివి. వానిని క్రొత్తగా మెత్తవలసివచ్చెను. చివికిన కొయ్యలకు బదులు క్రొత్త ఓకును అతికిరి.

అంతట నొక ప్రశ్న పుట్టినది: ఏ కాలపు రూపున నిలుపవలెను? తరువాతి మార్పులను తొలగించి, 16వ శతాబ్ది తొలినాళ్ల రూపమునే వా రెన్నుకొనిరి. దానిచే తెరపి చావడిని, నడుమ నిప్పును, మసిపట్టిన కప్పును నేటివారు కన్నులార చూడగలుగుచున్నారు. కాని ఆ మేడక్రింద కాపురముండిన అనేక తరములవారి జాడలు చెరగిపోయినవి. ఇది లాభమా, నష్టమా? రెండును కలవని నా యభిప్రాయము. నీటిపాలు కావలసిన ఇల్లు నిలుచుటయే గొప్ప లాభము. ఐనను పూర్వకాలపు కట్టడమును కాపాడువారు, తాము నిలుపుదానితోడనే తాము విడుచుదానిని గూడ వ్రాసియుంచుట ధర్మము.