రంగు తెలియకపోయినా హెచ్చరిక అందాలి

తుపాను వేళ కృష్ణపట్నం రేవులో పగలు ఎగరేసే గుర్తులకు రంగుతో పని లేదని తెలుసా? శంకువులు, స్తూపాలు ఎన్ని వేలాడుతున్నాయి, ఏ అమరికలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి నంబరు తెలుస్తుంది. రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. దేశంలోని రేవులన్నిటికీ ఒకే పద్ధతి 1898లో వచ్చింది. "మూడో నంబరు వేశారు" అంటే జువ్వలదిన్నెలో చేపల పడవలు ఒడ్డునే ఆగుతాయి. 10 అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. 11 అంటే అంతకన్నా పెద్దదని కాదు, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

నీటి మీద తేలే బోయాలూ రంగు ఒక్కదాన్నే నమ్ముకోవు. రేవులోకి వచ్చే ఓడకు మన దేశంలో ఎడమ పక్క ఎర్ర బోయా, కుడి పక్క పచ్చ బోయా దారి చూపుతాయి. అమెరికాలో, జపాన్‌లో ఈ రంగులు తారుమారు. ఆకారాలు మాత్రం ఎక్కడైనా ఒకటే: ఎడమ డబ్బా, కుడి శంకువు.

ఇంత ముందుచూపు ఉన్న తీరానికి ఇప్పుడు ఫోన్లలో వచ్చేది ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు జిల్లాల హెచ్చరిక మ్యాపు. ఐరోపా సంతతి మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మన దగ్గర అంతకన్నా తక్కువే అయినా, ఉన్నవాళ్లు ఉన్నారు. ఈ లోపానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడంతో ఆడవాళ్లలో ఇది బాగా అరుదు. ఎరుపును పట్టే కణాలు లేనివారికి ముదురు ఎరుపు నల్లబడి కనిపిస్తుంది. అంటే అందరికన్నా ముందు కంటబడాల్సిన జిల్లాయే వాళ్లకు మసకబారుతుంది. ఇది నాకు చాలా అన్యాయమనిపిస్తుంది, ఎందుకంటే మందు తేలిక: జిల్లా పేరు పక్కనే "రెడ్", "ఆరెంజ్" అని రాయడం, ప్రమాదం పెరిగేకొద్దీ గీతలు దట్టం చేయడం.

వానను ఇంద్రధనుస్సు రంగుల్లో చూపే పటాల్లో ఇంకో చిక్కుంది. నలుపు తెలుపులో అచ్చు వేస్తే నీలం, ఎరుపు రెండూ ఒకే ముదురు బూడిద రంగులోకి దిగిపోతాయి. చినుకూ కుండపోతా ఒకేలా కనిపిస్తాయన్నమాట. అందుకే 2015లో 'విరిడిస్' అనే రంగుల వరస తయారైంది. ముదురు ఊదాతో మొదలై పసుపు దాకా మెల్లగా వెలుగు పెరుగుతుంది, రంగు తెలియకున్నా ఎక్కువ తక్కువలు తెలుస్తాయి. సింథియా బ్రూవర్ రూపొందించిన 'కలర్‌బ్రూవర్'లోనైతే మ్యాపులు గీసేవారు వర్ణాంధులకు పనికొచ్చే వరసలను విడిగా ఏరుకోవచ్చు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను మ్యాపుతో పాటు తెలుగులో రాసి కూడా పంపుతుంది: ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు. తుపాను మ్యాపు కిందా ఇలాంటి నాలుగు వరుసలు ఉండాలి.