సైకిలు కొనేముందు మీ మోకాలిని అడగండి

శ్రీకూర్మం నుంచి ఒక ఉపాధ్యాయుడు రాసిన ఉత్తరం నా ముందుంది. వయసు 34. రోజూ తెల్లవారుజామున శ్రీకాకుళం వరకూ సైకిలు తొక్కి, తిరిగి వచ్చి, స్నానం చేసి బడికి వెళతారట. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రయథ్లాన్ పోటీలో పాల్గొనాలని కోరిక. "గాలిని చీల్చుకుపోయే ఏరో సైకిలు కొంటే వేగం పెరుగుతుందని మిత్రులు చెబుతున్నారు. ధర లక్ష దాటింది. అప్పు చేసి కొనవచ్చునా?" అని అడిగారు. ఉత్తరం చివర, మాటవరసకన్నట్టు, ఇంకో వాక్యం ఉంది. "ఇప్పటి సైకిలు మీద నడుమునొప్పి, చిటికెనవేలు తిమ్మిరి వస్తున్నాయి. బయలుదేరే ముందు ఒక నొప్పిమాత్ర వేసుకుంటే సర్దుకుంటోంది."

నన్ను కలవరపెట్టింది ఆ చివరి వాక్యమే. దానిదగ్గరికి వస్తాను. ముందు మీరడిగిన ప్రశ్నకు జవాబు: అప్పు చేసి కొనకండి.

ట్రయథ్లాన్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మొదట ఈత, వెంటనే సైకిలు, ఆ వెంటనే పరుగు. చిన్నపోటీలో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. ఒలింపిక్ పోటీలో ఇవన్నీ రెట్టింపు. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైన ఈ ఆట 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరింది. మన ఆమదాలవలస ప్రాంతపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి కాంస్యపతకం తెచ్చింది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే.

ఇక గాలి సంగతి. మీ మిత్రులు చెప్పింది అబద్ధం కాదు. చదునైన రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడి శ్రమలో అధికభాగం గాలిని తోసుకుపోవటానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డగింత నాలుగింతలవుతుంది. అయితే ఆ గాలికి అడ్డంగా నిలిచేది ఏమిటి? మీ సైకిలు కాదు, మీరే! మొత్తం అడ్డగింతలో సుమారు మూడువంతుల పాళ్ళు మనిషి శరీరానిదే. మిగిలిన ఒక్క పాలు సైకిలుది. ఆ ఒక్క పాలులో కొంచెం తగ్గించటానికి మీరు లక్ష పైచిలుకు పోస్తున్నారన్నమాట. మీవంటి ఔత్సాహికుడికి 20 కిలోమీటర్ల పందెంలో ఫ్రేము ఆకారం వల్ల కలిసొచ్చేది ఒక నిమిషం లోపే.

1989 టూర్ డి ఫ్రాన్స్ పందెం దీనికి మంచి ఉదాహరణ. చివరిరోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు. అమెరికన్ గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ట్రయథ్లాన్ ఆటగాళ్ళు అప్పటికే వాడుతున్న, మోచేతులు ఆనించుకునే కడ్డీలను హ్యాండిలుకు బిగించుకుని, వంగి, చేతులు దగ్గరపెట్టుకుని తొక్కాడు. మొత్తం పందెాన్ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. అటువంటి కడ్డీలు మామూలు సైకిలుకూ బిగించుకోవచ్చు. ఖరీదు కొత్త సైకిలుతో పోలిస్తే బహు స్వల్పం. కొన్ని పోటీల్లో వాటిని అనుమతించరు కనుక ముందుగా నిబంధనలు చూసుకోండి.

కాని ఆ భంగిమలో ఎక్కువసేపు ఉండాలంటే నడుము, మెడ సహకరించాలి. మీ నడుము ఇప్పటికే మొరపెట్టుకుంటోంది కదా! ఏరో సైకిళ్ళలో చాలావాటికి హ్యాండిలు ఇంకా కిందికి, ఇంకా దూరంగా ఉంటుంది. లక్ష పోసి నొప్పిని పెంచుకోవటమే అవుతుంది. పైగా వెడల్పు రిమ్ముల చక్రాలు పక్కగాలికి తెరచాపల్లా పనిచేస్తాయి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీదినుంచి వీచే గాలి మీకు కొత్త కాదు. కళింగపట్నం వైపు రోడ్డు మీద ఆ చక్రాలతో వెళితే, ముందుచక్రం ఎప్పుడు ఎటు లాగుతుందో తెలియదు.

మరి ఏది కొనాలి? పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు ఉన్న మామూలు అల్యూమినియం రోడ్డు సైకిలు మీకు సరిపోతుంది. టైరు 28 మిల్లీమీటర్లు, వీలైతే 32 పట్టేదిగా చూడండి. సన్నటైరే వేగమని ఒకప్పుడు అనుకునేవారు. గతుకుల రోడ్డు మీద కొంచెం వెడల్పు టైరు, కొంచెం తక్కువ గాలి ఉంటే కుదుపు తగ్గుతుంది, వేగమూ పోదు. ఉప్పుగాలికి చెయిను త్వరగా తుప్పుపడుతుంది కాబట్టి వారానికోసారి తుడిచి నూనె వెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యం సైజు. రంగు చూసి, తగ్గింపు ధర చూసి, పెద్ద ఫ్రేము ఇంటికి తెచ్చుకున్నవాళ్ళను ఎందరినో చూశాను. సైకిలుకు అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడితే కింద రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి, మధ్యకడ్డీ తగలకూడదు. తరువాత సీటు మీద కూర్చుని, మడమను పెడలు మీద పెట్టి అడుగుదాకా తొక్కండి. కాలు నిటారుగా రావాలి. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అది సరైన ఎత్తు. మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు తక్కువగా ఉందని, వెనకవైపు వస్తే ఎక్కువగా ఉందని సాధారణంగా అనుకోవచ్చు. పిరుదులు అటూ ఇటూ ఊగుతున్నా సీటు ఎత్తు ఎక్కువైనట్టే. సీటు ముక్కు పైకి లేచి ఉంటే తొడల మధ్య తిమ్మిరి వస్తుంది. సిగ్గుపడి చాలామంది చెప్పరు. అక్కడి నరాల మీద, రక్తనాళాల మీద ఒత్తిడి పడుతోందని దాని అర్థం.

మీ చిటికెనవేలి తిమ్మిరి కూడా అటువంటిదే. హ్యాండిలు దూరమై, బరువంతా అరచేతుల మీద పడి, మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. ఇప్పుడున్న సైకిలుకే హ్యాండిలు రెండంగుళాలు పైకెత్తించి చూడండి. ఒకేచోట పట్టుకోకుండా చేతులు మారుస్తూ ఉండండి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, లేదా పట్టు సడలి చేతిలో వస్తువులు జారిపోతుంటే, డాక్టరుకు చూపించుకోవాలి.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. మీ జిల్లావారికి మూత్రపిండాల గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం పల్లెల్లో ఆ జబ్బు ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మీకు తెలుసు. దాని మూలకారణం ఇంతవరకూ తేలలేదు. మాత్రలే కారణమని నేను అనటం లేదు. అయితే ఒక్క సంగతి మాత్రం వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. చెమటలో నీరు పోయి ఒళ్ళు ఎండినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గుతుంది. అప్పుడు శరీరం తయారుచేసుకునే కొన్ని రసాయనాలు ఆ ప్రసారాన్ని నిలబెడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సరిగ్గా ఆ రసాయనాలనే ఆపేస్తాయి. ఎండలో చెమటోడుస్తూ, ముందుగా మాత్ర మింగి రోజూ తొక్కటమంటే మూత్రపిండాలను రెండువైపులా నొక్కటమే. నొప్పి తెలియదు కనుక తప్పుడు భంగిమ కూడా సాగిపోతుంది.

కాబట్టి మాత్ర మానండి. సైకిలుకు దిగిన సొమ్ములో చిన్నభాగం ఖర్చుపెట్టి ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. రక్తపోటు చూపించుకోండి. వెళ్ళేముందు చోడి అంబలో, ఉప్పు వేసిన మజ్జిగో తాగండి. దారిలో దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగండి. దాహం లేకున్నా లీటర్లకొద్దీ పొయ్యకండి, అదీ ప్రమాదమే.

హెల్మెట్ తప్పనిసరి. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, గేదెలు అడ్డం వస్తాయి. మోచేతులు కడ్డీల మీద ఉంటే చేయి బ్రేకుకు చేరటానికి క్షణం ఆలస్యమవుతుంది. ఈత మాత్రం వంశధార సముద్రంలో కలిసేచోట నేర్చుకోకండి. ప్రవాహం ఎటు లాగుతుందో అక్కడి జాలర్లకే తెలుసు.

తాబేళ్ళను పెంచే కూర్మనాథుని గుడి పక్కనుంచి రోజూ వెళ్ళేవారికి నెమ్మది గురించి చెప్పటం నాకే నవ్వొస్తోంది. అయినా ఈ రెండు నెలలూ హ్యాండిలు, సీటు సరిచేసుకుని చూడండి. మాత్ర లేకుండా శ్రీకాకుళం వెళ్ళి హాయిగా తిరిగిరాగలిగిన రోజున మళ్ళీ ఉత్తరం రాయండి. ఆ కడ్డీలు ఏ ఎత్తులో బిగించాలో అప్పుడు చెబుతాను.