రంగుల అక్షరములు: వాని పరీక్షను సులభము చేయు మార్గము

ధర్మపురి పట్టుగూళ్ళ అంగడిలోని వ్యాపారి యొకనికి లెక్కల ప్రోగ్రాము వ్రాసియిచ్చు యువకుని కంప్యూటరు తెరను చూచినచో, మొదట కనబడునవి రంగులు. ఆజ్ఞాపదము లొక రంగునను, కొటేషను గురుతుల నడుమనున్న మాటలు వేరొక రంగునను, మనుష్యులు చదువుకొనుటకై వ్రాసికొను వ్యాఖ్యలు ఇంకొక రంగునను ఉండును. బడిలో తమిళము చదివినను ఇంట తెలుగు మాటలాడువాడు ఆ వ్యాఖ్యలను తెలుగులోనే వ్రాసికొనవచ్చును. యంత్రమున కభ్యంతరము లేదు. ఈ రంగులు అలంకారమునకు గాదు. కొటేషను మూయుట మరచినచో తరువాతి భాగము రంగు మారి, ప్రోగ్రామును నడుపకమునుపే తప్పును పట్టియిచ్చును.

ఎడిటరు అర్థము గ్రహించి రంగు వేయదు. ఒక్కొక్క ప్రోగ్రామింగు భాషకును నియమముల పట్టిక యుండును. రెండు వాలుగీతలు వచ్చినచో అచటినుండి పంక్తి చివరివరకు వ్యాఖ్య యనునది అట్టి నియమము. కాని వెబ్ చిరునామాలోను రెండు వాలుగీతలు కలవు గదా! ఆ చిరునామా కొటేషనులో నున్నప్పుడు దానిని వ్యాఖ్యగా భ్రమింపరాదు. ఈ లోపము నొకరు సవరింతురు. కొన్ని నెలలకు మరియొకరు వేరొక నియమమును మార్చగా పాత లోపమే తిరిగి తలయెత్తును. అట్లు రాకుండ కాచు పరీక్షకే రిగ్రెషన్ టెస్టు అని పేరు. చిన్న లోపమేమి చేయునని తెలుగువారు అనుకొనరాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను అక్షరపు ఒకానొక కూర్పు సందేశములో వచ్చినంతనే ఐఫోనులలోని అనువర్తనములు కూలిపోయెను. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 సవరణ వెలువడెను. అది రంగుల దోషము గాక అక్షరముల అమరికలోని దోషము. అయినను, సవరణకు కాపలా యుండవలెననుట రెంటికిని సమానమే.

కాపలాకు తొలుత తోచు ఉపాయము తెరపటము. సరిగా రంగు వేసిన తెరను బొమ్మగా దాచి, ప్రతి మార్పు తరువాతను కొత్త బొమ్మను దానితో పోల్చుట. వినుటకు సులభమే. అయితే అక్షరరూపముల ఫాంటు కొంచెము మారినను, తెర సాంద్రత వేరైనను, నేపథ్యపు రంగు సవరించినను బొమ్మ మారును. రంగుల నియమము మాత్రము చెడలేదు. ‘నాన్నా పులి’ కథలోని పిల్లవాని కేకవలె ఇట్టి పరీక్ష పలుమారులు వృథాగా కేకవేయును. విసిగిన ప్రోగ్రామరు చూడకయే కొత్త బొమ్మలను పాతవాని స్థానమున నుంచును. ఆ గుంపులో నిజమైన తప్పున్నచో, అదియు నాటినుండి ఒప్పుగా చెలామణి యగును. పరీక్ష లేకపోవుటకంటె ఇది యెక్కువ హాని.

1991లో బ్రామ్ మోలెనార్ వెలువరించిన విమ్ ఎడిటరు త్రోవ గమనింపదగినది. 2018 నాటికి అందు తెరను బొమ్మగా గాక, గడులుగా విభజించి, గడికొక అక్షరమును దాని రంగును మామూలు పాఠముగా వ్రాయు పద్ధతి యేర్పడెను. 2023లో రంగుల నియమముల పరీక్షలును ఇదే పద్ధతిని చేరెను. మోలెనార్ ఆ సంవత్సరము ఆగస్టులోనే మరణించెను. ఇందు ఫాంటు బాధ తొలగినది. ఏ గడిలో మార్పు వచ్చెనో చూపవచ్చును. కాని రంగు అంకె నిలిచియున్నది. కనుక రంగుల ఎంపిక మారినచో పటములన్నియు మారును.

నిజముగా కాపాడవలసినది రంగు కాదు, పేరు. ఇది ‘వ్యాఖ్య’, ఇది ‘ఆజ్ఞాపదము’ అని ఎడిటరు నిర్ణయించినదా లేదా యనునదే ప్రశ్న. సబ్లైమ్ టెక్స్టు పరీక్షలలో మాట క్రింది పంక్తిలో ^ గురుతునుంచి, దాని ప్రక్కన వర్గనామమును వ్రాయుదురు. చదువుటకు ఎంతో హాయి. తెలుగు వ్యాఖ్యల విషయమున మాత్రము చిక్కు కలదు. ‘క్షి’ మన కంటికి ఒక్క అక్షరము. యూనికోడు లెక్కలో క, పొల్లు, ష, గుడి అని నాలుగు. గురుతు సరియైనచోటనే యున్నను కంటికి తప్పినట్లు కనబడును. అందుచేత విజువల్ స్టూడియో కోడ్ చేయునట్లు, మాటను దాని వర్గనామముతో ప్రక్కప్రక్కన పట్టికగా వ్రాయుట మన లిపికి మేలు. అక్షరముల నమర్చు హార్ఫ్‌బజ్ పరీక్షలును బొమ్మలను గాక, అక్షరరూపముల పేర్లను స్థానములను వ్రాసియుంచును.

అయితే తెరను పూర్తిగా విడువరాదు. పొడవైన వ్యాఖ్య మొదటి పంక్తిలో ఆరంభమై వందల పంక్తులు సాగుచుండగా, నడుమనుండి తెరచినచో ఎడిటరు వేగముకొరకు సమీపపు పంక్తులనుండియే చదువ మొదలిడి, తాను వ్యాఖ్యలో నున్నట్లు ఎరుగకపోవచ్చును. ఈ దోషము తెరను జరిపి చూచిననే బయటపడును. అట్టి సందర్భములకు నాలుగైదు తెరపటములు చాలును. తక్కినవి పట్టికలైనచో, రెండు పంక్తుల మార్పును మనుష్యుడు చదివి, ఒప్పో తప్పో నిర్ణయింపగలడు.