పాత డీజిల్ ఇంజన్ బోరుకొచ్చిందా? ముందు కొలతలు తీయించండి

పాత డీజిల్ అంబాసిడర్ పొద్దున్నే స్టార్ట్ కాక మొరాయిస్తూ, నీలం పొగ వదులుతూ, ఆయిల్ తాగేస్తుంటే ముందు కంప్రెషన్ చెక్ చేయించాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సిలిండర్ అరిగితే ఆ ఒత్తిడి పోతుంది.

అప్పుడు రింగులొక్కటే మారిస్తే డబ్బు దండగ. సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పైభాగంలో ఎక్కువగా, కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. గుండ్రటి కొత్త రింగు అందులో సరిగ్గా కూర్చోదు. అందుకే లేత్ షాపులో పైన, మధ్యలో, కింద బోర్ గేజ్‌తో కొలిపించాలి. ఓవర్‌సైజు పిస్టన్లు ముందే కొని, వాటి కొలతకే బోరింగ్, హోనింగ్ చేయించాలి. ఓవర్‌సైజుకూ అందనంత అరిగితే స్లీవులు వేయిస్తారు. క్రాంక్ అరుగుదల, హెడ్ పగుళ్లు కూడా అక్కడే చూపించుకోవాలి.

ఖర్చు పెట్టేముందు ఆర్సీ చూసుకోండి. 15 ఏళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ చూశాకే రెన్యువల్ ఇస్తారు. బ్లాక్ పనికిరాక ఇంజనే మారిస్తే, కొత్త నంబరు ఆర్టీఏలో ఎక్కించుకోవాల్సిందే.