ఎంత బరువు కాదు, ఎక్కడ బరువు?

పోయిన డిసెంబర్‌లో సెమ్ ఎగ్జామ్స్ అయిపోగానే నేనూ నా రూమ్మేటూ సైకిళ్ల మీద వైజాగ్ నుంచి అరకు బయలుదేరాం. బైక్‌ప్యాకింగ్ బ్యాగులు కొనే డబ్బుల్లేవు. కానీ ట్రెక్కింగ్ కోసం పోగేసుకున్న తేలికపాటి సామాను ఉంది: టార్ప్ (అంటే పల్చటి పట్టా), స్లీపింగ్ బ్యాగ్, ఫోమ్ మ్యాట్, చిన్న స్టవ్. నా వంతు మొత్తం నాలుగున్నర కిలోలే. భుజాన మోసిందే కదా, సైకిల్ మీద ఎంత అనుకున్నా.

కొత్తవలస దాటేసరికి నడుం పోయింది. నడిచేటప్పుడు బ్యాగు బరువు నడుం బెల్టు మీదుగా కాళ్లకి దిగుతుంది. సైకిల్ మీద ముందుకు వంగుతాం కాబట్టి ఆ బెల్టు పనిచేయదు. బరువంతా అరచేతుల మీద, సీటు మీద పడుతుంది. ఎస్.కోటలో టీ కొట్టు దగ్గర ఆగి, స్లీపింగ్ బ్యాగ్‌ని హ్యాండిల్‌కి కట్టేశా. అనంతగిరి ఘాట్ ఎక్కడం బాగానే సాగింది. దిగేటప్పుడు ఒక గుంతలో ఎగిరిపడ్డాక వెనక నుంచి కేక: "రేయ్, ఆగరా! ఏదో కాలిన వాసన!" మూట జారి ముందు టైరుకి రాసుకుంటోంది. బ్యాగుకి అరచేయంత చిల్లు. అదే తాడు చువ్వల్లో చిక్కుకుని ఉంటే నేను హ్యాండిల్ మీంచి అవతల పడేవాణ్ణి.

ఆ రాత్రి చలికి వణుకుతూ ఆలోచించాం. ట్రెక్‌లో ప్రశ్న "ఎంత బరువు" అని. సైకిల్ మీద "ఎక్కడ, ఎంత గట్టిగా" అని. ఇప్పుడు మేం కట్టే పద్ధతి ఇదీ:

ఫ్రేమ్ మధ్యలో: నీళ్లు, పనిముట్లు, తిండి. బరువైనవన్నీ కిందకి, మధ్యకి. బండి ఊగదు.

హ్యాండిల్‌కి: తేలికైన స్లీపింగ్ బ్యాగ్ మాత్రమే. ఇక్కడ బరువు పెరిగితే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా పెరిగి హ్యాండిల్ మొరాయిస్తుంది. హ్యాండిల్‌కీ మూటకీ మధ్య ఫోమ్ ముక్కలు పెడితే బ్రేకు వైర్లు నలగవు. టైరుకీ మూటకీ నడుమ కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి.

సీటు వెనక: బట్టలు. గాలి లేకుండా బిగించి కట్టాలి, లేకపోతే తోకలా ఊగుతుంది.

రాపిడి: ట్రెక్కింగ్ గుడ్డ చాలా పల్చన. కుదుపులకి ఊరికే అరిగిపోతుంది. పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చి, రాసుకునే ప్రతిచోటా చుట్టండి.

టార్ప్: కర్రలు మోయక్కర్లేదు. సైకిల్‌ని నిలబెట్టి, రెండు వైపులా తాళ్లతో లాగి మేకులు కొడితే అదే స్తంభం.

ఒక్కటి మాత్రం తగ్గించొద్దు. పంపు, స్పేర్ ట్యూబు, ప్యాచీలు, అలెన్ కీలు, చెయిన్ టూల్. ట్రెక్‌లో చెప్పు తెగినా కుంటుకుంటూ నడవచ్చు. ఘాట్‌లో చెయిన్ తెగితే సైకిలే మన లగేజీ.

చివరగా, బయలుదేరే ముందు రోజు మొత్తం సామాను కట్టి, హాస్టల్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ల మీద నాలుగు రౌండ్లు తొక్కండి. ఊడేదేదో అక్కడే ఊడాలి, ఘాట్‌లో కాదు.