పేరు చెప్పగానే మూసుకునే తలుపులు

వెంకటాచలం మండలంలోని కాకుటూరులో 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వెలసింది. అదే ఏడాది కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. చదువు కోసం, కొలువు కోసం యువకులు వస్తున్నారు. వచ్చినవారికి ముందుగా కావలసింది తలదాచుకునేందుకు ఓ గది.

ఆ మధ్య మా శిష్యుడొకడు ఫోన్‌లో గది మాట్లాడుకున్నాడు. అద్దె, అడ్వాన్సు అన్నీ కుదిరాయి. మర్నాడు మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళాడు. మా గడ్డం, టోపీ చూడగానే ఇంటాయన ముఖం మారింది. "మా బంధువులు వస్తామన్నారండీ" అన్నాడు. వారం తర్వాత కూడా ఆ ఇంటికి 'టు-లెట్' బోర్డు వేలాడుతూనే ఉంది. తిరుగుదారిలో కుర్రవాడు తలవంచుకొని, "ఉస్తాద్, నేనొక్కడినే వచ్చివుంటే బాగుండేదేమో" అన్నాడు. ఇంటాయన మాటకన్నా ఈ మాటే మమ్మల్ని ఎక్కువ బాధించింది.

కొలువుల్లోనూ ఇదే వరస. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పరిశోధకులు ప్రైవేటు సంస్థల 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు సమానమే, పేర్లే వేరు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు సుమారు మూడో వంతేనని 2007లో వెల్లడించారు.

మరి చట్టం? రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు మతం పేరిట ప్రభుత్వం వివక్ష చూపరాదన్నాయి. దుకాణాలు, హోటళ్ళలో ప్రవేశాన్ని అడ్డుకోరాదన్నాయి. మన రాష్ట్రంలో 2007 నాటి చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యలో, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. అయితే ప్రైవేటు ఇంటి యజమానిని, ప్రైవేటు కంపెనీని నిలదీసే సమగ్ర చట్టం దేశంలో లేదు. సమాన అవకాశాల కమిషన్ కావాలని 2006లోనే సచార్ కమిటీ సిఫారసు చేసింది. అది నేటికీ ఏర్పడలేదు.

చరిత్రలో ఒక సంఘటన గుర్తు చేసుకుందాం. మక్కావాసుల హింస భరించలేక కొందరు ముస్లింలు అబిసీనియాకు తరలిపోయారు. అక్కడి రాజు నజ్జాషీ క్రైస్తవుడు. ఖురైషీ దూతలు కానుకలతో వచ్చి వారిని అప్పగించమన్నారు. రాజు హజ్రత్ జాఫర్ (రజి) వాదన విన్నాడు. కానుకలు తిప్పి పంపి, శరణార్థులకు నీడనిచ్చాడు. పేరు చూడలేదు, న్యాయం చూశాడు.

ఇంత దూరమెందుకు? నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర ముహర్రంలో రొట్టెల పండుగ జరుగుతుంది. దానిపై మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. అది వేరే చర్చ. అయితే అక్కడ ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె అందుకునేవారు ఇచ్చిన చేతి మతం అడగరు. ఆ చెరువులో లేని అడ్డు వీధిలోకి రాగానే ఎందుకు?

ఇక మన సంగతి. మనలోనూ ఇళ్ళున్నవారు, దుకాణాలున్నవారు ఉన్నారు. గది కోసం వచ్చిన దళిత సోదరుణ్ణి, పని కోసం వచ్చిన పొరుగు మతస్థుణ్ణి మనం కులం, మతం అడగకుండా ఆదరిస్తున్నామా? మనం చేసే అన్యాయాన్ని దాచుకొని మనకు జరిగే అన్యాయాన్ని ఎత్తిచూపితే ఆ మాటకు బరువుండదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పేరు దాచుకొమ్మని పిల్లలకు చెప్పకండి. నిజాయితీతో, మంచి నడవడితో ఆ పేరును నిలబెట్టమనండి. మా శిష్యుడికి చివరకు గది దొరికింది. ఇచ్చినవారు హిందూ సోదరులే. ఈసారీ మేము వెంట వెళ్ళాము, టోపీతోనే.